గాలిమరల నీడలో బడి ఉంది, పుస్తకంలో గాలిమర లేదు: అధికారులకు ఒక సైన్స్ టీచర్ బహిరంగ లేఖ

రాష్ట్రంలో బడి చదువుల బాధ్యత చూస్తున్న అధికారులకు, ఇంధన శాఖ పెద్దలకు, అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో గాలిమరలు నడుపుతున్న కంపెనీల వారికి,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో ఉరవకొండ వైపు ఒక పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా బడి గ్రౌండులో నిలబడితే పదకొండు గాలిమరలు కనిపిస్తాయి. పిల్లలు వాటిని గాలిమరలు అనరు, ఫ్యాన్లు అంటారు. "ఈ పొద్దు ఫ్యాన్లు నిలిచిపోయినాయి మేడమ్" అంటే గాలి లేదని అర్థం. దారి చెప్పాలన్నా వాటి పేరుతోనే చెప్తారు: "మూడో ఫ్యాన్ కాడ మా చేను." అంత దగ్గరగా బతుకుతున్న పిల్లలకు, అది కరెంటు ఎలా పుట్టిస్తుందో చెప్పే పాఠం వాళ్ల పదో తరగతి పుస్తకంలో లేదు. ఈ లేఖ దాని గురించే.

రెండేళ్ల కిందట విద్యాశాఖ ఆఫీసులో ఒక అర్జీ పెట్టాను. మండలంలోని హైస్కూళ్లన్నిటినీ కలిపి, పిల్లలతో చిన్న గాలిమరలు తయారు చేయించి పోటీ పెడతాం, అనుమతి ఇవ్వండి, కొంచెం సాయం చేయండి అన్నది అందులో సారాంశం. చేతికిచ్చి వచ్చాను. "చూస్తాం" అన్నారు. ఆరు నెలల తర్వాత ఖర్చుల లెక్క, ఫొటోలు జతచేసి మళ్లీ పంపాను. "పైనుంచి ఉత్తర్వు లేకుండా చేయలేం, సైన్స్ ఫెయిర్ ఉంది కదా, అందులో పెట్టుకోండి" అని ఫోన్లో చెప్పారు. మూడో అర్జీకి జవాబే రాలేదు. పిల్లల్ని ఒక్కసారి టవర్ కింద దాకా తీసుకెళ్లి చూపిస్తామని దగ్గరలోని ఒక సైటులో అడిగితే, సేఫ్టీ రూల్స్ ఒప్పుకోవని గేటు దగ్గరే తిప్పి పంపారు. ఎవరినీ వేలెత్తి చూపించాలని ఇది రాయడం లేదు. ఆ ఆఫీసులో ఉన్నవాళ్లకు వంద పనులుంటాయి, నాకు తెలుసు. కానీ ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తే పని జరగలేదు కాబట్టి, ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు మేం ఏం చేశామో చెప్తాను. అర్జీ సంగతి తేలేదాకా ఆగలేక మా బడి వరకు మేమే పోటీ పెట్టుకున్నాం.

ఆ జూలైలో, ఆషాఢం గాలి రేకుల షెడ్లను ఊపేస్తున్న రోజుల్లో, తొమ్మిదో తరగతి పిల్లల్ని ఐదుగురేసి ఏడు జట్లు చేశాను. బోరు సామాన్ల షాపులో మిగిలిపోయిన నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు, ప్లైవుడ్ చెక్క, నట్లు, బోల్టులు, ఒక మల్టీమీటర్. బొమ్మ కార్లలోంచి ఊడదీసిన మోటార్లు (కరెంటిస్తే తిరిగే మోటారును మనమే తిప్పితే, అదే కరెంటు ఇస్తుంది). స్టాఫ్ రూములోని పెడెస్టల్ ఫ్యాన్ మా గాలి. పైపు కోసేటప్పుడు హాక్సా మా పీఈటీ సార్ పట్టుకున్నారు, రెక్కలు తిరిగేటప్పుడు దగ్గర నిలబడేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలి. మేం పెట్టిన నియమాలు ఈ రెండే.

మొదటి రోజు దాదాపు అన్ని జట్లూ రెక్కల్ని చేటల్లా గాలికి ఎదురుగా బల్లపరుపుగా బిగించాయి. ఫ్యాన్ మూడో నంబర్లో పెట్టినా ఒక్కటీ కదల్లేదు. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. పదిహేనేళ్లు బోర్డు మీద చెప్పి అలవాటైన మనిషికి అది చాలా కష్టమైన పని. అరగంట తర్వాత ఒక పిల్లవాడు విసుగొచ్చి రెక్కను వేళ్లతో కాస్త మెలితిప్పాడు. తిరిగింది. ఆ తర్వాత ఎవరూ నన్నేమీ అడగలేదు.

తిరగడమైతే తిరిగాయి గానీ మీటర్ 0.2 వోల్ట్లు చూపించింది. ఎర్ర ఎల్‌ఈడీ బల్బు వెలగాలంటే దాదాపు 1.8 వోల్ట్లు కావాలి. అందరూ రెక్కల సైజు పెంచడం మీద పడ్డారు. ఒక జట్టులో ఒక అమ్మాయి ఉంది, వాళ్ల నాయన అదే సైటులో గేటు దగ్గర వాచ్‌మన్. ఆ అమ్మాయి మాత్రం మోటారు పట్టుకుని కూర్చుంది. "ఈ మోటారు శానా స్పీడు తిరిగితేనే కరెంటు ఇస్తాది మేడమ్. మన రెక్కలు అంత స్పీడు తిరగవు. రెక్కలు కాదు, మోటారే మార్చాల" అంది. అనంతపురంలో ప్రింటర్లు రిపేరు చేసే షాపులో పాడైన ప్రింటర్ల మోటార్లు ఒక్కోటి 80 రూపాయలకు ఇచ్చారు. అవి నెమ్మదిగా తిరిగినా ఎక్కువ వోల్టేజ్ ఇస్తాయి. ఆ మోటారు బిగించి ఫ్యాన్ వేస్తే 2.6 వోల్ట్లు. బల్బు వెలిగింది. పక్క క్లాసుల పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. బల్బు తీసేసి, ఆ అమ్మాయి మోటారు రెండు వైర్ల కొసలను ఒకదానికొకటి ఆనించింది. జోరుగా తిరుగుతున్న రెక్కలు, ఎవరో చేత్తో పట్టుకున్నట్టు, ఒక్కసారిగా నెమ్మదించాయి. వైర్లు విడదీసింది. మళ్లీ వేగం అందుకున్నాయి. నాలుగైదు సార్లు అలాగే చేసి నా వైపు చూసి, "ఎవరూ ముట్టుకోకుండానే ఎందుకు బరువెక్కింది మేడమ్?" అని అడిగింది.

కరెంటు ఊరికే రాదు, తీసుకుంటున్నకొద్దీ దాన్ని తిప్పేవాడి మీద బరువు పడుతుంది. అయస్కాంతం దగ్గర తీగచుట్ట తిరిగితే కరెంటు పుట్టడం విద్యుదయస్కాంత ప్రేరణ. శక్తి ఊరికే పుట్టదు, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుందంతే, అది శక్తి నిత్యత్వం. నేను ఏళ్ల తరబడి నిర్వచనాలుగా రాయించిన రెండు పాఠాలను ఆ అమ్మాయి రెండు వైర్ల మధ్య పట్టుకుంది. ఆ మధ్యాహ్నం పీరియడ్ బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇక పుస్తకం సంగతి. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని, బడి పుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించింది. అప్పుడు పదో తరగతి సైన్సులోంచి "శక్తి వనరులు" పాఠం మొత్తం పోయింది. విద్యుత్ మోటారు, విద్యుదయస్కాంత ప్రేరణ, విద్యుత్ జనరేటర్ భాగాలు కూడా పోయాయి. మన రాష్ట్రం 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తీసుకుంది. అంటే పదితో చదువు ఆపేసే పిల్ల, లేదా ఇంటర్లో ఫిజిక్స్ తీసుకోని పిల్లవాడు, జనరేటర్ ఎలా పనిచేస్తుందో బడిలో ఎన్నడూ వినకుండానే బయటికి వెళ్తాడు. భారం తగ్గించడం మంచిదే. పిల్లలు మోస్తున్న బరువు నాకూ కనిపిస్తోంది. కానీ దేశంలో గాలి కరెంటు సామర్థ్యం 2025 మార్చికి 50 వేల మెగావాట్లు దాటింది, మన రాష్ట్రంలోనే 4 వేల మెగావాట్లకు పైగా ఉంది. సరిగ్గా ఆ సమయంలో ఆ పాఠమే పోవడం న్యాయంగా లేదు.

పిల్లలకు గాలిమరలు ఎందుకు, అది ఇంజనీర్ల పని కదా అనేవాళ్లకు డెన్మార్క్ సంగతి చెప్పాలి. అక్కడ ఆస్కోవ్ అనే పల్లెలో, రైతుల పిల్లలు చదువుకునే ఫోక్ హైస్కూల్ అనే పల్లె యువత బడిలో పౌల్ లా కూర్ అనే ఫిజిక్స్ టీచర్ ఉండేవాడు. 1891లో ప్రభుత్వ సాయంతో బడి దగ్గరే ప్రయోగాల కోసం గాలిమర కట్టి కరెంటు తీశాడు. రెక్కలు ఏ ఆకారంలో ఉంటే గాలిని బాగా పట్టుకుంటాయో తెలుసుకోవడానికి చిన్న చిన్న నమూనాలు చేసి పరీక్షించాడు. పల్లెల్లో కరెంటు పని చేసే కుర్రాళ్లకు అక్కడే శిక్షణ ఇచ్చాడు. ఆ శిక్షణకు 1904లో వచ్చిన యోహానెస్ యూల్ అనే కుర్రవాడు, యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1957లో గెడ్సర్ దగ్గర 200 కిలోవాట్ల గాలిమర కట్టాడు. మూడు రెక్కలు, గాలికి ఎదురుగా నిలబడే తీరు. ఇవాళ మా ఊరి కొండల మీద కనిపించే గాలిమరలకు అది తాత. ఆ తర్వాత 1970లలో ట్విండ్ అనే చోట టీచర్లు, విద్యార్థులు, ఊరివాళ్లు కలిసి 2 మెగావాట్ల గాలిమరను తమ చేతులతో కట్టారు. 1978 నుంచి అది తిరుగుతోంది. ఇవాళ డెన్మార్క్ కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. ఆ దేశంలో ఈ పని మొదలైంది ఒక పల్లె బడిలో.

అమెరికాలో ఒక సైన్స్ టీచర్ మొదలుపెట్టిన కిడ్‌విండ్ పోటీ కూడా ఇలాంటిదే. పిల్లలు జట్లుగా సొంతంగా గాలిమర చేస్తారు, దాన్ని గాలి సొరంగంలో (ఫ్యాన్లతో గాలి ఒకే తీరుగా వీచే పెట్టెలో) పెట్టి ఎంత కరెంటు తీసిందో కొలుస్తారు. ఎందుకలా చేశారో న్యాయనిర్ణేతలకు పిల్లలే చెప్పుకోవాలి. ఇందులో మనకు చేతకానిది ఒక్కటీ లేదు. గాలి అయితే వాళ్లకంటే మనకే దగ్గర.

పోటీ అనే మాట మీద పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. మన సైన్స్ ఫెయిర్లకు పిల్లల్ని చాలాసార్లు తీసుకెళ్లాను. చాలా టేబుళ్ల మీద షాపులో కొన్న రెడీమేడ్ కిట్లు, ఇంట్లో పెద్దవాళ్లు చేసిచ్చిన థర్మాకోల్ నమూనాలు ఉంటాయి. చార్టు అందంగా ఉండి, ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పే పిల్లకు ప్రైజు వస్తుంది. ఆ పిల్లల తప్పు లేదు, మనం పెట్టిన కొలత అలాంటిది. గాలిమర పోటీలో కొలిచేది మీటరు. మా వాచ్‌మన్ కూతురి రెక్కలు, టౌన్లో పెద్ద స్కూలు పిల్లల రెక్కలు ఒకే ఫ్యాన్ ముందు ఒకే ముప్పై సెకన్లు తిరుగుతాయి. ఓడిపోతే వెనక్కెళ్లి కోణం మార్చుకుని మళ్లీ రావచ్చు. మా పోటీలో ఆ జట్టు కోణమానిని పెట్టి రెక్కల వాలును 40, 30, 20, 10 డిగ్రీలుగా మార్చుతూ నోట్‌బుక్కులో పట్టిక రాసింది. 40 దగ్గర వెంటనే కదులుతుంది, కానీ వేగం రాదు. 10 దగ్గర చేత్తో తోస్తే గానీ కదలదు, కదిలాక మాత్రం అన్నిటికంటే ఎక్కువ వోల్ట్లు. పెద్ద గాలిమరలు గాలిని బట్టి రెక్కల వాలును ఎందుకు మార్చుకుంటాయో నేను చెప్పక్కర్లేకుండా వాళ్లకే అర్థమైంది.

ఇది జరగకపోతే ఎవరికి ఏం నష్టమో, మా ఊరి నుంచి చూసి చెప్తున్నాను.

1. పని. మా ఊరి చుట్టూ ఇన్ని గాలిమరలున్నా, మా ఊరి నుంచి టవర్ ఎక్కి పనిచేసే మనిషి ఒక్కరు లేరు. గేటు దగ్గర కాపలాకు ముగ్గురున్నారు. టెక్నీషియన్లు బయటి నుంచి వస్తారు, అద్దెకుంటారు, వెళ్లిపోతారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ఏడున్నర లక్షల ఉద్యోగాలు వస్తాయని చెప్తోంది. వాటిలో మా పిల్లలకు కాపలా ఉద్యోగాలు మాత్రమే మిగలకూడదంటే, తొమ్మిదో తరగతిలోనే ఎలక్ట్రికల్, మెకానికల్ అనే మాటలు వాళ్ల చేతికి తగలాలి. ఐటీఐలో ఏ ట్రేడ్ తీసుకోవాలో, పాలిటెక్నిక్‌లో ఏ బ్రాంచ్ అడగాలో తెలియక, పక్కింటి కుర్రవాడు తీసుకున్నదే తీసుకునే పిల్లల్ని ఏటా చూస్తున్నాను.

2. ఆడపిల్లలు. మా దగ్గర పది అయ్యాక చదువు ఆపించి పెళ్లి మాటలు మొదలుపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ బల్బు వెలిగించిన అమ్మాయి ఇంటికి నేను రెండుసార్లు వెళ్లాను. "టీచరమ్మా, ఆ సైటులో ఇంజనీర్లకు కూడా ఇదే పని కదా, మా పాప చేసింది" అని వాళ్ల నాయన తనంతట తానే అన్నాడు. ఇప్పుడా అమ్మాయి పాలిటెక్నిక్‌కు రాయబోతోంది. ఒక్క ఇంట్లో ఒక్క మాట మారింది. మండలమంతా పోటీ పెడితే ఎన్ని ఇళ్లలో మారుతుందో నేను లెక్క చెప్పలేను. కానీ ఆ మాట మారాలంటే నాయన కళ్లారా చూడాలి.

3. వాన మీద అపోహ. అనంతపురం దేశంలోనే వానలు చాలా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. పశ్చిమ కనుమలకు ఈవల ఉన్నాం కాబట్టి నైరుతి గాలి వస్తుంది, వాన రాదు. ముంగారులో శెనక్కాయ విత్తనమేసి ఆకాశం వైపు చూసే రైతుకు ఎదురుగా కనిపించేది తిరిగే ఫ్యాన్. "ఈ ఫ్యాన్లే మబ్బుల్ని తరిమేస్తున్నాయి" అనే మాట మా పల్లెల్లో గట్టిగా పాతుకుపోయింది. ఆ రైతును నేను తప్పుపట్టను. గాలి ఉండి వాన లేని చోటు చూసి గాలిమరలు పెట్టారు, అతనికేమో గాలిమరలు వచ్చాక వాన పోయినట్టు కనిపిస్తుంది. మా పిల్లలు ఎత్తుల్ని మీటర్లలో లెక్క కట్టారు. రెక్క కొస వంద, నూట యాభై మీటర్ల ఎత్తు దాటి ఎంతో దూరం పోదు, వాన మబ్బులు వందల మీటర్ల పైనుంచి కిలోమీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. ఫ్యాన్ గాలిని విసరదు, గాలి నుంచి శక్తి తీసుకుంటుంది. తాము చేసిన బొమ్మను ఇంటికి తీసుకెళ్లి తాతకు చూపించి ఇది చెప్పారు. అందరు తాతలూ ఒప్పుకోలేదు. కానీ ఆ రాత్రి మా ఊళ్లో కొన్ని ఇళ్లలో మాట్లాడుకున్నది ఇదే.

4. భూమి కాగితాలు. టవర్లకు, రోడ్లకు, లైన్లకు భూములిచ్చిన కుటుంబాలు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. మెగావాట్ అంటే ఏమిటి, యూనిట్ అంటే ఏమిటి అన్నది ఇంట్లో ఒక్కరికైనా తెలిస్తే ఆ కాగితాలు చదివి అడగాల్సినవి అడుగుతారు. 2 మెగావాట్ల గాలిమర నిండు గాలిలో గంట తిరిగితే 2 వేల యూనిట్లు, గాలి వేగం సగానికి పడిపోతే దాని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇది లెక్క కట్టగలరు. మా పిల్లలు కట్టారు.

5. సైన్స్ అంటే భయం. ఇది నా క్లాసులో నేను చూసిందే, పరిశోధన అనను. గాలిమర చేసిన జట్లలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ముందుకొచ్చారు. పైపు కోయడం, నట్టు బిగించడం, కొలత తీయడం వాళ్లకు బాగా వచ్చు. పరీక్ష వాళ్లను ఎన్నడూ అడగని ప్రశ్న అది.

ఈ కారణాల వల్ల కింది పనులు చేయమని కోరుతున్నాను. గొంతెమ్మ కోరికలేమీ లేవు.

1. ఉత్తర్వు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి 8, 9 తరగతుల పిల్లలకు గాలిమర తయారీ పోటీలు పెట్టుకోవచ్చని రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. ముందు గాలిమరలున్న మండలాల్లో మొదలుపెట్టండి చాలు. ఉత్తర్వు కాగితం ఉంటే హెడ్మాస్టర్లకు ధైర్యం వస్తుంది. శనివారం నో బ్యాగ్ డే ఎలాగూ ఉంది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పని నేర్పమని 2020 జాతీయ విద్యా విధానమే చెప్తోంది. దీనికి వేరే పీరియడ్ అడగడం లేదు.

2. నియమాలు ఒకేలా. అందరికీ ఒకే మోటారు, ఒకే రెసిస్టర్ (కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే భాగం), రెక్కల వ్యాసానికి ఒక హద్దు, ముప్పై సెకన్ల కొలత. కొన్న రెక్కలు పెట్టకూడదు. సగం మార్కులు మీటరుకు, సగం పిల్లల నోట్‌బుక్కుకు, తెలుగులో ఇచ్చిన జవాబులకు. బయటి గాలి ఒక జట్టుకు ఒకలా, ఇంకో జట్టుకు ఇంకోలా వీస్తుంది కాబట్టి మండలానికి ఒక గాలి సొరంగం కావాలి. నాలుగడుగుల ప్లైవుడ్ పెట్టె, రెండు కూలర్ ఫ్యాన్లు, గాలి తిన్నగా రావడానికి వరసగా పేర్చిన పైపు ముక్కలు. మన పాలిటెక్నిక్ విద్యార్థులు రెండు రోజుల్లో చేసిపెడతారు.

3. డబ్బు. మా పోటీలో ఒక్కో జట్టుకు 600 రూపాయల లోపే అయింది, మీటరు అందరికీ ఒకటే. అందులో ఎక్కువ భాగం నా జేబులోంచి, పీఈటీ సార్ జేబులోంచి పోయింది. మేం బాధపడలేదు, కానీ మండలానికి అలా పెట్టలేం. బడికి 5 వేల రూపాయలు ఇవ్వండి. ఇన్‌స్పైర్ మానక్ లాంటి పథకాల్లో పిల్లల ఆలోచనకు ఇప్పటికే డబ్బిస్తున్నారు, ఆ దారిలోనే దీనికీ వీలు చూడండి.

4. కంపెనీల వారికి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. పనిచేస్తున్న ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టం చెప్తోంది. మీరు బడులకు బెంచీలిచ్చారు, మంచినీళ్ల ప్లాంట్లు పెట్టారు, కృతజ్ఞతలు. కానీ మేం అడిగేది డబ్బుకంటే ముందు మీ గేటు. ఏడాదికి రెండు రోజులు, హెల్మెట్లు పెట్టి, మీ ఇంజనీర్ వెంట ఉండి, పిల్లల్ని టవర్ అడుగు దాకా రానివ్వండి. పైకి ఎక్కించమని అడగడం లేదు. ఆ తలుపు దగ్గర నిలబడి పైకి చూస్తే చాలు. పాడైపోయి పక్కన పడేసిన రెక్క ముక్క ఒకటి బడికిస్తే, దాని అంచు ఎందుకంత పలచగా ఉందో నేను ఏడాదంతా చెప్పుకుంటాను.

5. టీచర్లకు శిక్షణ. నాకు మల్టీమీటర్ సరిగా వాడటం వచ్చింది ఈ పోటీ వల్లే, చెప్పుకోవడానికి సిగ్గుపడను. గాలి కరెంటు మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ మనకు చెన్నైలోనే ఉంది. ఆ నిపుణులను పిలిపించి జిల్లాలో ఫిజికల్ సైన్స్ టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టండి. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసుకునే గది) ఉన్న బడులు నెలకొక శనివారం పక్క ఊళ్ల పిల్లల్ని రానివ్వాలని చెప్పండి. మా బడికి ఆ ల్యాబ్ లేదు.

6. పాఠం. కుదించిన పుస్తకంలో లేని జనరేటర్, శక్తి వనరుల భాగాలను పరీక్షల్లో లేకపోయినా సరే, ఒక చిన్న పుస్తకంగా తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. ముప్పై పేజీలు చాలు. మన జిల్లా ఫొటోలతో, మన గాలి లెక్కలతో వేయండి.

పదో తరగతి ఫలితాల టెన్షన్‌లో ఇవన్నీ ఎక్కడ చేయిస్తారని తోటి టీచర్లు నన్ను అడుగుతున్నారు. అందుకే పదో తరగతిని ఇందులోంచి తీసేశాను. తొమ్మిదిలో చేయిస్తే పదిలో విద్యుత్ పాఠాలు సులువవుతాయి. పోయిన ఏడాది ఓమ్ నియమం చెప్తున్నప్పుడు, గాలిమర చేసిన పిల్లలు తమంతట తామే ప్రింటర్ మోటారు సంగతి ఎత్తారు. ఆ పాఠం నేను మామూలుగా తీసుకునే పీరియడ్ల కంటే రెండు తక్కువలో అయిపోయింది.

ఈ ఆరింటిలో మొదటిదానికి జూలై నెలాఖరులోగా అవుననో కాదనో ఒక్క వాక్యం జవాబు ఇవ్వండి. కాదంటే కారణం చెప్పండి, దాన్ని సరిచేసుకుని మళ్లీ అర్జీ పెడతాను.

జవాబు వచ్చినా రాకపోయినా, ఆగస్టు మూడో శనివారం మా బడిలో ఈ ఏడాది పోటీ పెడుతున్నాం. ఈసారి పక్క రెండు ఊళ్ల బడుల పిల్లలు వాళ్ల టీచర్ల వెంట సొంతంగా వస్తున్నారు. మొత్తం పదహారు జట్లు. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు. మీలో ఎవరు వచ్చినా కుర్చీ వేస్తాం, భోజనం పిల్లలతో పాటే. వచ్చినవాళ్ల చేతికి మీటర్ ఇస్తాం, రీడింగ్ మీరే తీయండి.

ఇట్లు,
ఫిజికల్ సైన్స్ టీచర్,
జిల్లా పరిషత్ హైస్కూల్,
అనంతపురం జిల్లా